గటక తిన్న మిషనరమ్మ

మా చర్చి సంఘంలో ఇద్దరు ఆడపిల్లలు ఈ మధ్య నా వెంట పడుతున్నారు. తర్జుమా నేర్పమంటారు. ఇద్దరూ ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళే, నాకంటే గడగడా మాట్లాడతారు. "ఆంటీ, ఇంగ్లీష్ మాకొచ్చు. ఇగ మిగిలింది ఏముంటది?" అని అడిగిందొకతి. మిగిలిందే అసలు పని తల్లీ. అది నోటితో చెబితే రేపటి నుంచి మీరు మా గడప తొక్కరు. అందుకే రాసి పెడుతున్నాను. చదివిన తర్వాత కూడా వస్తామంటే రండి, టీ పెడతాను.

నా పేరు దీనమ్మ. మాది సూర్యాపేట. వేరే దేశాల నుంచి మా మిషన్‌లో సేవ చేయడానికి వచ్చే యువతుల పక్కన నిలబడి, వాళ్ళ మాట తెలుగులో చెప్పడం నా ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి, మోకాళ్ళు అరిగి స్టేజీ మెట్లెక్కలేని దాకా అదే చేశాను. వచ్చేవాళ్ళకు ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. రెండేళ్ళు ఉంటారు. కిరాయి ఇంట్లో నాతోనే మకాం. వాళ్ళకు చీర కట్టేదీ నేనే, జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయేదీ నేనే, అమ్మ గుర్తొచ్చి ఏడిస్తే పక్కన కూర్చునేదీ నేనే. స్టేజీ ఎక్కగానే మాత్రం నేనుండను. ఆమె "నేను" అంటే నేనూ "నేను" అనాలి. ఆమె చెయ్యెత్తితే నా చెయ్యీ లేవాలి. ఇన్నేళ్ళలో నా నోటి నుంచి వచ్చిన మాటల్లో నావి ఎన్నో నాకే తెలియదు.

వెనక వరుస

నాకు పని నేర్పింది పెద్దయ్యగారు. మిషన్ మొదలుపెట్టిన పాస్టరు. ఇప్పుడు లేరు. మొదటిసారి నన్ను స్టేజీ ఎక్కించినప్పుడు నా గొంతు మైకుకే సరిగా అందలేదు. కిందికి దిగాక తిడతారనుకున్నాను. తిట్టలేదు. మందిరం తలుపు దగ్గర విప్పిన చెప్పుల దిక్కు చూపించారు. ఆ చెప్పుల పక్కనే నాటు వేసి, కాళ్ళ బురదతో ఆలస్యంగా వచ్చిన ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

"మైకును నమ్ముకోకు దీనమ్మా. కరెంటు ఎప్పుడు పోతదో ఎవలకు తెల్వది. గా చెప్పుల కాడ కూసున్నామెకు ఇనబడాలె. ముందల కుర్సీలల్ల ఉన్నోళ్ళకు నువ్వు చెప్పకున్నా నడుస్తది" అన్నారు.

అంతే, ఇంకో పాఠం లేదు. ఆ ఒక్కటి పట్టుకునే నెట్టుకొచ్చాను. గొంతు కడుపులో నుంచి తీయడం, మాట చివర మింగేయకుండా పలకడం, చెప్పుల దగ్గర కూర్చున్నామె మొహం చూస్తూ చెప్పడం. మీరూ ముందు ఇది నేర్చుకోండి. ఆయన తర్వాత కొడుకు కుర్చీలోకి వచ్చాడు. ఆయన్నీ అయ్యగారనే అంటాం, అనాలి కాబట్టి. ఆయన చూపు ఏనాడూ చెప్పుల దాకా పోలేదు. కెమెరా దగ్గరే ఆగిపోయేది.

వారం ఎట్లా గడుస్తుందంటే

మిషనరీ అనగానే మీకు స్టేజీ కనబడుతుంది. స్టేజీ వారంలో ఒక గంటో, రెండు గంటలో. మిగిలిందంతా బస్సులు, ఎదురుచూపులు, తిండి. సోమవారం బట్టలుతకడం. మంగళవారం పొద్దున్నే కోదాడ బస్సు. అక్కడ రెండు రోజులు ఇళ్ళల్లో ప్రార్థన కూడికలు. గురువారం నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ. ఆ హాలు రైస్ మిల్లుల మధ్య ఉంది, పాట ఎత్తుకుంటే నోట్లోకి తవుడు దుమ్ము వస్తుంది. శుక్రవారం సూర్యాపేటలో ఉపవాస ప్రార్థన. శనివారం ఆత్మకూర్ (ఎస్). ఆదివారం ఆరాధన, ఆ తర్వాత అందరితో ఫొటోలు.

తిండి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దైవసేవకురాలు ఇంటికొస్తే కోడి కోయని ఇల్లుండదు. వద్దంటే ఇంటావిడ మొహం చిన్నబోతుంది. పక్కింట్లో తిని మా ఇంట్లో తినలేదంటే ఇక ఆ వాడలో మాటలుండవు. పాపం ఆ పిల్లలు కళ్ళనీళ్ళు కారుతున్నా నవ్వుతూ తినేవాళ్ళు. మార్గరెట్ అని ఒక తెల్లపిల్ల ఉండేది, మంచిది. కారానికి తట్టుకోలేక నా కొంగులో ముక్కలు దాచేది. పోయేటప్పుడు స్టేజీ మీద వెక్కి వెక్కి ఏడ్చి, "మళ్ళీ వస్తాను" అంది. నేను తెలుగులో చెప్పాను, జనమంతా ఏడ్చారు. మళ్ళీ రాలేదు. వచ్చిన ప్రతి పిల్లా పోతూ పోతూ ఆ మాటే అంది. ప్రతిసారీ అది నా నోటి మీదుగానే పోయింది.

ఫొటోలో ఉన్నామె

చిసోమో వచ్చిన రోజు అయ్యగారి మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. చిసోమో ఆఫ్రికాలోని మలావీ దేశం పిల్ల. నల్లగా, పొడుగ్గా, పెద్ద నవ్వుతో ఆఫీసు గదిలోకి వచ్చి, వంగి రెండు చేతులూ జోడించి "వందనాలు అయ్యగారు" అంది. విమానంలో నేర్చుకుందట. ఆయన ఆ పిల్ల వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు దిక్కు చూశాడు. ఎవరూ లేరు.

ఆమెను బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచాడు. "ఏంది దీనమ్మా గిది? ఫారిన్ మిషనరీ వస్తుందని ఊరంత చెప్పినం. గీమెను సూస్తే ఎవలు నమ్ముతరు?"

"మలావీ ఫారినే కదా అయ్యగారూ."

"నీకు తెల్వదు, ఊకో" అన్నాడు.

మరుసటి మంగళవారం కోదాడలో దిగేసరికి మందిరం ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. అయ్యగారి ఫొటో నిలువెత్తు. పక్కన 'విదేశీ దైవసేవకురాలు' అని రాసి మార్గరెట్ ఫొటో! ఆ పిల్ల వెళ్ళిపోయి ఎన్నాళ్ళయిందో. కూడిక అయ్యాక ఒకావిడ నా దగ్గరికొచ్చి, "అమ్మగారూ, పాట బాగుందండి. ఇంతకీ ఆ ఫారినావిడ ఎప్పుడొస్తారు?" అనడిగింది. చిసోమో పక్కనే ఉంది. ఆ ఫొటో ఎవరిదని నన్ను అడిగితే చెప్పాను. "చక్కగా ఉంది. ఆమె కూడా వచ్చి ఉంటే ఇద్దరం కలిసి పాడేవాళ్ళం" అని నవ్వింది.

గురువారం నేరేడుచర్లలో షేర్ ఆటో ఎక్కాం. పక్కన కూర్చున్న ముసలమ్మ చిసోమోను మోచేత్తో పొడిచి, "ఏ తండా బిడ్డా మీది?" అంది. జవాబు రాకపోయేసరికి నా దిక్కు తిరిగి, "సదువుకున్న పోరి అక్కా, మాట్లాడితే నోటి ముత్యాలు రాలుతయని భయమనుకుంటా" అని మూతి తిప్పింది. నేను నవ్వు ఆపుకోలేక అనువదించి చెప్పాను. చిసోమో కూడా పడీ పడీ నవ్వింది. నవ్వీ నవ్వీ మొహం బయటికి తిప్పేసుకుంది. మిర్యాలగూడ వచ్చేదాకా మళ్ళీ తిప్పలేదు. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. ముసలమ్మ మీద నాకు కోపం రాలేదు, ఆమెకు తెలియక అన్న మాట అది. ఫ్లెక్సీ వేయించినవాడికి అన్నీ తెలుసు. అది తలచుకుంటేనే ఒళ్ళు మండింది.

ఆత్మకూరు శనివారాలు

ఆత్మకూరులో మాకు సంఘం లేదు. గొర్రెలు కాసుకునే ఇళ్ళు ఓ పది, వాళ్ళ దేవుళ్ళు వాళ్ళకున్నారు. శనివారం ఆ వాడ ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడి రావడమే పని. వెళ్ళిన పిల్లలంతా కుర్చీలో కూర్చుని ఒక పాట పాడి, చిన్నపిల్లలకు బిస్కెట్లు పంచి వచ్చేసేవాళ్ళు. ఆడవాళ్ళు చేతులు కట్టుకుని చూసేవాళ్ళు. అంతే.

చిసోమో మొదటి శనివారమే కుర్చీ పక్కకు జరిపింది. లచ్చమ్మ అనే పెద్దావిడ వాకిట్లో మక్కజొన్న కంకులు ఒలుస్తోంది. ఈ పిల్ల పోయి ఎదురుగా కింద కూర్చుని ఒక కంకి తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. చేతి వేగం చూసి లచ్చమ్మ బిత్తరపోయింది.

"గీ పిల్లకు ఎట్ల వచ్చే అక్కా?"

"వాళ్ళ ఊళ్ళోనూ మక్కలే పండిస్తారట లచ్చమ్మా. మేకలు కూడా ఉన్నాయట."

"మరి గా ముచ్చట ముందుగాల చెప్పవేంది! నేను దొరసాని అనుకుని కోడిని పట్టబోయిన" అని లచ్చమ్మ లోపలికి పోయి, ఇంట్లోకని మక్క రవ్వతో వండుకున్న గటక, పచ్చి పులుసు తెచ్చి పెట్టింది. పెడుతూనే సిగ్గుపడింది. ఇంటికొచ్చిన మనిషికి గటక పెడతారా ఎవరైనా. చిసోమో చెయ్యి కడుక్కుని, ముద్ద చేసి, బొటనవేలితో గుంట నొక్కి పులుసులో ముంచి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. "అమ్మా, ఇది మా ఇంటి అన్నం. దీని పేరు మాత్రమే వేరు" అని నాతో అంది. నేను చెప్పేలోపే లచ్చమ్మకు అర్థమైంది. ఇంకో ముద్ద వేసింది.

ఆ తర్వాత శనివారాలన్నీ అట్లాగే గడిచాయి. ఆ పిల్ల గొర్రెపిల్లల్ని ఎత్తుకునేది, బావి దగ్గర చేద పట్టేది, అందరి పేర్లూ నేర్చుకుంది. ఒక్కొక్కరి ముందు నిలబడి పేరు పలికి, వాళ్ళు అవునని తలూపేదాకా వదిలేది కాదు. "జర ఆగు, నేను చెప్త" అనేది. వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. సైదమ్మ అని మోకాళ్ళ నొప్పులామె ఎప్పుడూ గోడకు ఆనుకుని కూర్చునేది. "నా పేరు మా ఆయనే పిలవకపాయె, గీ పిల్ల పిలుస్తున్నది సూడు" అనేది. వాళ్ళు అడిగితేనే చిసోమో ప్రార్థన చేసేది, అడగకపోతే లేదు. నేను చూసిన సేవ మొత్తంలో అదే నిజమైనది. ఈ మాట ఎవరి మొహం మీదైనా చెబుతాను.

స్పూను

ఒక శనివారం అయ్యగారు కారులో దిగాడు. వెంట కెమెరా అబ్బాయి. మిషన్ యూట్యూబ్ ఛానల్ కోసం 'గ్రామ సేవ' తీయాలట. డిక్కీలో నుంచి కుర్చీ, పింగాణీ ప్లేటు, స్పూను, నీళ్ళ బాటిలు దించారు. చిసోమో అప్పటికే లచ్చమ్మ అరుగు మీద కూర్చుని తింటోంది. అయ్యగారు నవ్వు మొహంతోనే పళ్ళ మధ్య నుంచి నాతో అన్నాడు.

"లేపు ఆమెను. కుర్సీల కూసొని స్పూనుతోటి తినమను."

నేను చెప్పాను. చిసోమో నన్ను చూసింది, లచ్చమ్మను చూసింది. "వాళ్ళు పెట్టింది వాళ్ళ ముందు స్పూనుతో తింటే, వాళ్ళ చెయ్యి నాకు అసహ్యం అన్నట్టు అవుతుంది. నేను తినలేను అని చెప్పు అమ్మా" అంది. ఒక్క మాట మార్చకుండా చెప్పాను. కెమెరా అబ్బాయి నవ్వబోయి ఆపుకున్నాడు. అయ్యగారు ఏమీ తీయకుండా కారెక్కాడు.

సోమవారం ఆఫీసులో రామాయణమంతా జరిగింది.

"గాడ కింద కూసొని గటక తింటే గామె ఫారినామె అని ఎవలు నమ్ముతరు? నేను ఎవలకు సూపెట్టాలె?"

"తినేది చూపెట్టడానికి కాదు కదండీ."

"ఇన్ని నెలలల్ల ఒక్కలన్న సంఘంలకు వచ్చిండ్రా ఆత్మకూరు నుంచి? నువ్వు సప్పుడు జెయ్యకు. నీ పని తర్జుమా."

నిజమే, నా పని తర్జుమా. ఆ రాత్రి అన్నం దగ్గర చిసోమో మాత్రం అసలు భయం చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఇట్లా దేశం దాటి సేవకు వచ్చిన మొదటి పిల్ల ఆమే. సాగనంపడానికి ఊరంతా రోడ్డు దాకా నడిచి వచ్చిందట. "గడువు నిండకుండా పంపించేస్తే, ఏదో తప్పుడు పని చేసి ఉంటుందనుకుంటారు అమ్మా. మా అమ్మ సంఘంలో తల ఎత్తుకోలేదు. రెండేళ్ళు పూర్తి చేయనిస్తే చాలు, ఆయన ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను. లచ్చమ్మ ఇంట్లో తప్ప" అంది. ఉంచాలా పంపాలా అన్నది అయ్యగారి ఒక్క మాట మీద ఉంది. బయటి దేశపు మిషన్ వాళ్ళకు ఆయన ఫోన్ చేసి ఏం చెబితే అదే.

చెవిలో చెప్పిన మాట

ఆయన ఫోన్ చేశాడని మాకు తెలియదు. మిర్యాలగూడలో ఏటా జరిగే పెద్ద కూడికకు ఎప్పటిలాగే వెళ్ళాం. చిసోమో పిలిచిందని ఆత్మకూరు ఆడవాళ్ళు డీసీఎం వ్యాను మాట్లాడుకుని వచ్చారు. మందిరం అంటే జంకు కదా, చెప్పుల దగ్గరే ముడుచుకుని కూర్చున్నారు. చిసోమో స్టేజీ మీద నుంచి చెయ్యి ఊపితే లచ్చమ్మ కూడా ఊపింది.

అయ్యగారు మైకు తీసుకున్నాడు. నా పని రెండు వైపులా ఉంటుంది. స్టేజీ మీద తెలుగులో ఎవరేం మాట్లాడినా మిషనరీ చెవిలో ఇంగ్లీషులో చెప్పాలి. అలవాటుగా ఆమె చెవి దగ్గర వంగాను. "మన సహోదరి చిసోమోకు ఇక్కడి వాతావరణం పడటం లేదు. ఆరోగ్యం బాగోలేదు. అందుకే ఈ ఆదివారం స్వదేశానికి..." అంటున్నాడు.

నా నోరు ఆగిపోయింది. చిసోమో నవ్వుతూనే నా దిక్కు తిరిగి, "ఏమంటున్నారు?" అంది. నిన్ను పంపించేస్తున్నారు తల్లీ అని నేనే చెప్పాలి. ఆ మాట ఆమెకు ముందుగా విడిగా పిలిచి చెప్పాల్సిన మనిషి వెయ్యి మంది ముందు మైకులో చెబుతున్నాడు, అది నా నోటితో ఆమె చెవిలో పోయాలి. పోశాను. ఇది కూడా ఉద్యోగమే పిల్లలూ. ఎదుటివాడి పాపం మీ నాలుక మీదుగా నడుస్తుంది.

చిసోమో ఏడవలేదు. లేచి మైకు దగ్గరికి వచ్చింది. నేను పక్కన నిలబడ్డాను. "నాకు ఆరోగ్యం బాగానే ఉంది" అంది, నేను తెలుగులో అన్నాను. "మళ్ళీ వస్తానని చెప్పను. అట్లా చెప్పి వెళ్ళినవాళ్ళు మీకు చాలామంది ఉన్నారు" అంది, అదీ అన్నాను. తర్వాత చెప్పుల దిక్కు చూసి తెలుగులోనే మొదలుపెట్టింది. "లచ్చమ్మ. ఎల్లమ్మ." నేను అనువదించాల్సింది ఏమీ లేదు. ఊరికే నిలబడ్డాను. మూడో పేరుకు నోరు తెరిచేలోపే అయ్యగారు మైకు లాక్కుని "ప్రార్థన చేద్దాం" అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

వెళ్ళాక రెండు మూడుసార్లు ఫోన్ చేసింది. "ఇక్కడ అందరూ నా ఆరోగ్యం గురించే అడుగుతున్నారు అమ్మా" అని నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, ఆటోలో విన్నదే. వాళ్ళమ్మ చర్చికి పోవడం మానేసిందట. తర్వాత ఆ నంబరు కలవడం లేదు.

సన్మానం

పోయిన నెల నాకు సన్మానం చేశారు. సూర్యాపేట మందిరంలోనే. శాలువా, దండ, పళ్ళ బుట్ట. స్టేజీ వెనక కొత్త ఫ్లెక్సీ, నేను ఇన్నేళ్ళూ కలిసి పని చేసిన మిషనరీల ఫొటోలతో. లెక్క సరిగానే ఉందా అని ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చాను. అందరూ ఉన్నారు, మార్గరెట్ రెండుసార్లు ఉంది. చిసోమో లేదు.

ఎవరు చెప్పారో ఏమో, ఆత్మకూరు ఆడవాళ్ళు కూడా వచ్చారు. లచ్చమ్మ తిన్నగా ఫ్లెక్సీ ముందుకు పోయి, కళ్ళు చికిలించి ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. "అక్కా, మా పిల్లేది?" అని గట్టిగా అడిగింది. అయ్యగారు విన్నాడు. "జాగ సాల్లేదమ్మా, పోయి కూసో" అన్నాడు. ఆయన ఫొటో మాత్రం ఫ్లెక్సీలో సగం ఉంది. లచ్చమ్మ పోయి చెప్పుల దగ్గర కూర్చుంది.

నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. లైవ్ నడుస్తోంది. మిషన్‌కు కృతజ్ఞతలు చెబుతాననుకున్నారు. నేనూ అదే అనుకుని లేచాను. మైకు పట్టుకుని అలవాటుగా చెప్పుల దిక్కు చూశాను. ఇంక వేరే మాట రాలేదు.

"లచ్చమ్మ" అన్నాను.

"ఆఁ, ఈడున్న" అంది.

"ఎల్లమ్మ."

"ఉన్న అక్కా."

ఒక్కొక్కరూ చెయ్యెత్తుతున్నారు. ముందు కుర్చీల్లో వాళ్ళు మెడలు తిప్పి చూస్తున్నారు. బహుశా చెప్పుల దగ్గర ఎవరున్నారో చూడటం వాళ్ళకదే మొదటిసారి. "సైదమ్మ" అన్నాను. ఎవరూ పలకలేదు.

లచ్చమ్మ లేచి నిలబడింది. "సైదమ్మ పోయింది అక్కా, మొన్న ఎండలల్ల. మంచంల ఉండి గూడ అడిగింది, గా పిల్ల నా పేరు పిలువకముందే ఎందుకు గుంజుకున్నరే మైకు అని. ఏం చెప్పాలె ఆమెకు?"

స్టేజీ మీద అయ్యగారు సౌండు అబ్బాయికి చేత్తో సైగ చేయడం కనబడింది. మైకు టక్కున ఆగిపోయింది. ఇంకొక్క పేరు మిగిలి ఉంది నాకు. మైకు కింద పెట్టాను. పెద్దయ్యగారు నేర్పినట్టు కడుపులో నుంచి గొంతు తీసి, చివర మింగకుండా, "చిసోమో" అన్నాను.

చెప్పుల దగ్గర కూర్చున్నవాళ్ళందరూ ఒకేసారి చెయ్యెత్తారు.